కాలానికి నిలిచిన కావ్యం

దీర్ఘాయువు దైవదత్తం, దానిని సార్థకం చేసుకోవడం మానవయత్నం. ఇందుకు గడియారం వేంకట శేషశాస్త్రి జీవితం చక్కని నిదర్శనం.

19వ శతాబ్ది చివరి దశకంలో, కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతంలోని నెమళ్లదిన్నెలో ఆయన జన్మించారు. ప్రొద్దుటూరులో తెలుగు పండితులుగా స్థిరపడి, దుర్భాక రాజశేఖర శతావధానితో జంటగా అవధానాలు చేశారు. అది పరపాలనా కాలం. పాలకులను సూటిగా నిందించిన గ్రంథాలు నిషేధానికి గురయ్యేవి. ఈ మిత్రులిద్దరూ చరిత్రను ఆశ్రయించారు. రాజశేఖర శతావధాని రాణాప్రతాపుని, శేషశాస్త్రి శివాజీని కావ్యనాయకులుగా ఎన్నుకొన్నారు. పూర్వవీరుల గాథలలో పాఠకులు తమ కాలపు ఆవేదనను దర్శించారు.

1947లో దేశం స్వతంత్రమైంది. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించాయి. వీటన్నిటినీ చూసిన శేషశాస్త్రి 1980లో కన్నుమూశారు.

దాస్యం తొలగిన పిమ్మట 'శ్రీ శివభారతము'తో ప్రయోజనమేమని కొందరికి తోచవచ్చు. సైనికులు బందీగా తెచ్చిన శత్రుపక్షపు స్త్రీని శివాజీ తల్లిగా భావించి, సగౌరవంగా సాగనంపిన ఘట్టమే అందుకు సమాధానం. పోరాడేవానికి ధైర్యం చాలు. గెలిచినవానికి సంయమనం కావాలి. కనుక ఆ కావ్యం పరాధీనుల కంటె స్వతంత్రులకే ఎక్కువ అవసరం.