మీటరు ఎవరి పేరు మీద ఉంది? బాడుగ ఇళ్లలో ఉంటున్న మన పిల్లలు తప్పక చదవాలి

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. రూములు వెతుక్కుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పంపండి.

జూన్ వచ్చిందంటే మన వెలుగోడు చుట్టుపక్కల తండాల నుంచి, చెంచు గూడేల నుంచి పిల్లలు మూటాముల్లె సర్దుకుని నంద్యాల, కర్నూలు బస్సెక్కుతారు. హాస్టల్లో సీటు దొరికినోళ్లు హాస్టలుకు పోతారు. దొరకనోళ్లు నలుగురైదుగురు కలిసి బాడుగ రూము చూసుకుంటారు. ఇల్లు మారేటప్పుడు ఏం చెయ్యాలో చెప్పే సలహాలు మేమూ చదివాం. మంచి కంపెనీని ఎంచుకోండి, రేట్లు పోల్చి చూడండి, రెండు వారాల ముందే కనెక్షన్ బుక్ చేసుకోండి అంటారు. ఇంగ్లండు లాంటి దేశాల్లో ఒకే ఇంటికి కరెంటు అమ్మే కంపెనీలు చాలా ఉంటాయి, అక్కడ ఆ సలహా పనికొస్తుంది.

మనకు కంపెనీ ఒక్కటే. 2014లో రాష్ట్రం విడిపోకముందు కర్నూలు జిల్లా హైదరాబాదు నుంచి నడిచే సీపీడీసీఎల్ కింద ఉండేది. విడిపోయాక మనల్నీ అనంతపురాన్నీ తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్‌లో కలిపారు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయ్యాం, కంపెనీ మాత్రం అదే. కాబట్టి ఏ కంపెనీ అనే ప్రశ్నే మనకు లేదు. మన ప్రశ్న వేరే. మీటరు ఎవరి పేరు మీద ఉంది?

పోయినేడు మాలో నలుగురం నంద్యాలలో ఒక మేడ మీద రేకుల గదిలో చేరాం. ఆ ఇంట్లో మూడు పోర్షన్లు, కంపెనీ మీటరు ఒకటే. మిగతావన్నీ ఓనరు పెట్టుకున్న సబ్ మీటర్లు. యూనిట్‌కు పది రూపాయలు అన్నాడు. బిల్లు చూపించు సామీ అంటే, "ఇష్టముంటే ఉండండి, లేకుంటే ఖాళీ చెయ్యండి" అన్నాడు. పరీక్షలు దగ్గర పడ్డాయి, నోరు మూసుకుని కట్టినాం. అంటే మాకు కరెంటు అమ్మింది కంపెనీ కాదు, ఓనరు.

లెక్క చూడండి. 2022-23 టారిఫ్ ఆర్డరు ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. నెలకు 60 యూనిట్లు కాల్చే గదికి సొంత మీటరు ఉంటే యూనిట్ల లెక్కన 147 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు దాని పైన పడతాయి. మూడు పోర్షన్లకు మూడు మీటర్లుంటే 441 రూపాయలు. అదే 180 యూనిట్లూ ఒకే మీటరులో తిరిగితే స్లాబు పెరిగి 747 అవుతుంది. యూనిట్‌కు పది లెక్కన ఓనరు వసూలు చేసేది 1,800. ఒకే మీటరు కాబట్టి బిల్లు ఎక్కువొస్తుందని ఓనర్లు చెప్పేదాంట్లో నిజం ఉంది, కాదనం. ఆ నిజం 747 దగ్గర ఆగిపోతుంది. మిగతా వెయ్యి ఏమిటి? 400 యూనిట్లు దాటినోళ్లకు కూడా ఆ పట్టికలో ఆఖరి రేటు 9.75. కోటీశ్వరుడి ఏసీకి లేని రేటు మన ఫ్యానుకు పడుతోంది. కరెంటు కొని లాభానికి అమ్మాలంటే చట్టం ప్రకారం లైసెన్సు కావాలని ఎంతమందికి తెలుసు?

సీనియర్ అన్నలు కొందరు అంటారు: "చదువుకోడానికి వచ్చినాం, కరెంటు బిల్లు కోసం గొడవ ఎందుకు, సర్దుకుపోండి." అన్నా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాం. మన నాయనలు కూలి డబ్బుల్లోంచి పంపే రెండు మూడు వేలల్లో ఇది చిన్న మొత్తం కాదు. పైగా చట్టం మన పక్క ఉన్నప్పుడు సర్దుకుపోవడం మంచితనం అనిపించుకోదు.

2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ఇంటి యజమాని అడిగినా, ఆ ఇంట్లో ఉంటున్నవాడు అడిగినా కనెక్షన్ ఇవ్వాలంటుంది. ఉంటున్నవాడు అంటే మనమే. 2022 మే నెలలో దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది. ఓనరు అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న కారణంతో బాడుగకు ఉంటున్నవాళ్లకు కరెంటు కాదనకూడదు, దరఖాస్తు పెట్టినవాడు ఆ ఇంట్లో నిజంగా ఉంటున్నాడా లేదా అన్నదే చూడాలి అని. గడువు కూడా ఉంది. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం మున్సిపాలిటీల్లో 7 రోజులు, పల్లెల్లో 15 రోజులు, కొండ ప్రాంతపు పల్లెల్లో 30 రోజులు.

ఇక అసలు గాయం దగ్గరికి వస్తాం. జగ్జీవన్ జ్యోతి కింద ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్లు ఉచితం. 2019లో 100 నుంచి 200 చేశారు. మంచి పనే, మన అమ్మానాన్నలకు ఆసరా అయింది. అయితే ఈ పథకం మొదట్నుంచీ కాలనీలు, తండాల లెక్కనే నడిచింది. తండాలో ఉన్నంతసేపు నువ్వు ఎస్టీవి. బస్సెక్కి నంద్యాలలో దిగితే, వేరే కులం ఓనరు మీటరు కింద పడుకుంటే, కరెంటు లెక్కలో నువ్వు ఎస్టీవి కాదు. ఊరు మారితే కులం మారుతుందా? బాడుగ ఇల్లు అడిగినప్పుడు మాత్రం "మీరేమట్లు?" అన్న ప్రశ్న మారదే!

అదే 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ మధ్య రేషన్ పోర్టబిలిటీ మొదలైంది. మన కార్డు మీద బియ్యం పక్క రాష్ట్రంలో కూడా తీసుకోవచ్చు. బియ్యం మనిషి వెంట వస్తున్నాయి. యూనిట్లు ఎందుకు రావు? మన వెలుగోడు కట్ట మీద నిలబడి చూడండి. 16.95 టీఎంసీల రిజర్వాయరు. 1983 ఒప్పందంతో మొదలై, 1996 నుంచి తెలుగు గంగ నీళ్లు ఈ దారిలోనే సోమశిల, కండలేరు దాటి చెన్నై దాకా పోతున్నాయి. నీళ్లను రాష్ట్రం దాటించగలిగిన ప్రభుత్వానికి, వెలుగోడు పిల్లల హక్కును పక్కనున్న నంద్యాలకు దాటించడం చేతకాదా?

"బయట కూడా ఇస్తే దొంగ లెక్కలు మొదలవుతాయి" అంటారు. సరే, మేమూ రెండు చోట్లా 200 అడగడం లేదు. కుటుంబానికి ఒకటే 200 యూనిట్లు. కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ చూసి, తండా ఇంటికి కొంత, పట్నంలో బాడుగ ఇంటికి కొంత పంచుకోనివ్వండి. తండాలో ఇంటికి తాళం వేసి పనికి వలస పోయిన కుటుంబాలకు మొత్తం బదిలీ చెయ్యండి. ఇందులో దొంగతనం ఎక్కడుంది?

ఇప్పుడు మన తప్పులు కూడా మాట్లాడుకోవాలి. ఒకటి, మనలో చాలామంది ఓనరుకు కులం చెప్పరు. చెప్తే ఇల్లు ఇవ్వరని భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు, మేమూ పడ్డాం. అయితే కులం దాచినంత కాలం ఆ కాగితం మీద వచ్చే హక్కు అడగలేం. ఒంటరిగా అడిగితే ఖాళీ చెయ్యమంటారు, కాబట్టి గుంపుగా అడగాలి. రెండు, ఇంట్లో గ్యాస్ బండ ఎత్తుకుని రూముకు తెచ్చుకుంటున్నాం. అక్కడ అమ్మ మళ్లీ కట్టెల పొయ్యి ఊదుతోంది. ఉజ్వల కనెక్షన్ ఇచ్చింది ఆమె పొగ బాధ తీరాలని, మనం పట్నంలో ఎగ్గు కూర వండుకోడానికి కాదు. గుర్తింపు కార్డు చూపిస్తే 5 కేజీల చిన్న బండ దొరుకుతుంది, రూముకు అది చాలు. కుటుంబంతో వలస పోయి, ఉజ్వల ఇంకా రానివాళ్లయితే 2021లో వచ్చిన ఉజ్వల రెండో విడతలో అడ్రసు కాగితం లేకున్నా సొంత ప్రకటన రాసిచ్చి అడగొచ్చు. పాత కనెక్షనే మార్చుకోవాలంటే ఊరు వదిలే ముందే ఏజెన్సీలో బదిలీ కాగితం తీసుకోండి.

ఈ జూన్‌లో రూము మారేవాళ్లు ఇవి చెయ్యండి:

1. అడ్వాన్సు ఇచ్చే ముందే సర్వీసు నంబరు అడిగి పాత బకాయి ఉందేమో చూడండి. మునుపటివాళ్ల బాకీ తీరిస్తేనే మళ్లీ కనెక్షన్ అని కంపెనీ పట్టుబట్టే వీలుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

2. చేరిన రోజే మీటరు రీడింగ్ ఫోటో తీసుకోండి, తేదీతో సహా.

3. బాడుగ ఒప్పందం తెల్లకాగితం మీదైనా రాయించుకోండి. మీరు అక్కడ ఉంటున్నారనడానికి అదే మొదటి ఆధారం.

4. ఏడాదికి పైగా ఉండేవాళ్లు సొంత మీటరుకు దరఖాస్తు పెట్టండి. ఓనరు సంతకం పెట్టకుంటే హామీ పత్రం, ఎక్కువ డిపాజిట్ అడగొచ్చు. ఏది అడిగినా, కాదన్నా కాగితం మీద రాసివ్వమనండి.

5. కొద్ది నెలలే ఉండేవాళ్లు కనీసం అసలు బిల్లు చూపించమని, దాన్ని యూనిట్ల లెక్కన పంచమని అడగండి. ఇది గొడవ కాదు, లెక్క.

6. పని జరక్కుంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. అక్కడా తేలకుంటే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండింటికీ వకీలు అక్కర్లేదు.

గూడేల్లో ఉన్న మన చెంచు తమ్ముళ్లకు ఇంకో మాట. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ మీలాంటి ఆదిమ తెగల కోసమే. ఇల్లు, నీళ్లు, కరెంటు అందులో ఉన్నాయి. మీ గూడెంలో ఏ ఇంటికి మీటరు లేదో లిస్టు రాసి గ్రూపులో పెట్టండి, కలిసి సచివాలయంలో ఇద్దాం.

రూములో ఉన్న ప్రతి ఒక్కరూ కింద మూడు ముక్కలు రాయండి: ఏ ఊరు, యూనిట్‌కు ఎంత కడుతున్నారు, మీటరు ఎవరి పేరు మీద ఉంది. ఓనరు పేరు వద్దు, మీ ఫోన్ నంబరూ వద్దు. ఆ లెక్క పట్టుకుని కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌కు పోదాం. ఒక్కడు అడిగితే ఓనరు మూట బయట పెడతాడు. రెండొందల మంది అడిగితే ప్రభుత్వమే జవాబు వెతుక్కోవాలి.