ప్రెయిరీ నేలలు - పశుగ్రాసము

కెనడా కేంద్రప్రభుత్వము 2012వ సంవత్సరమున ఒక నిర్ణయమును ప్రకటించినది. సస్కాచువాన్, మానిటోబా, ఆల్బర్టా రాష్ట్రములలో సుమారు 75 సంవత్సరములుగా తాను నిర్వహించుచు వచ్చిన ఉమ్మడి పచ్చికబయళ్ల భారమునుండి తొలగుదుననియు, వానిని ఆయా రాష్ట్రప్రభుత్వముల కొప్పగింతుననియు ఆ నిర్ణయసారాంశము. బయళ్ల సంఖ్య 85. విస్తీర్ణము సుమారు 22 లక్షల ఎకరములు. 2018 నాటికి అప్పగింత ముగిసినది. ఇది ఖజానాపొదుపునకు సంబంధించిన స్వల్పవిషయమని తలచువారు ఉందురు. మేమట్లు తలపజాలము. ఏ నేల నాగలికి తగును, ఏ నేల పచ్చికకు మాత్రమే తగును అను ప్రశ్నకు ఆ దేశము మిక్కిలి కష్టపడి కనుగొన్న సమాధానము ఆ 22 లక్షల ఎకరములలో నున్నది. దానిని విడనాడుటకు పూర్వము ఆ నేలల స్వభావమును మఱియొకమాఱు విచారించియుండవలసినది.

ప్రెయిరీ యనగా చెట్లు లేని గడ్డిమైదానము. ఉత్తర అమెరికాఖండ మధ్యభాగమున, కెనడాలోని ఆ మూడు రాష్ట్రములు మొదలుకొని టెక్సాసు వఱకు ఇది వ్యాపించియున్నది. మంచుపొరలు కరగి ఉత్తరమునకు తగ్గిన పిదప వేలయేండ్లు ఇచ్చట గడ్డియే పెరిగినది. గడ్డిలో కంటికి కనబడు భాగముకంటె నేలలోపలి భాగమే హెచ్చు. ఏటేట ఆ వేళ్లలో కొంతభాగము చచ్చి మన్నులో కలియును. చలియు, వర్షాభావమును దానిని త్వరగా క్రుళ్లనీయవు. అట్లు పేరుకొన్న సేంద్రియపదార్థము నేలకు నలుపును, గుల్లతనమును, నీటిని పట్టియుంచు శక్తిని ఇచ్చినది. రష్యనులు ఇట్టి నేలను చెర్నోజెమ్, అనగా నల్లమన్ను, అందురు. 1883లో దొకుచాయెవ్ పండితుడు దానినిగూర్చి ప్రకటించిన గ్రంథముతోనే ఆధునిక మృత్తికాశాస్త్రము ఆరంభమైనదని చెప్పుట కలదు. కర్నూలు, గుంటూరు మండలముల నల్లరేగడిని ఎఱిగిన మన పాఠకులు రెండును ఒకటేయని భ్రమింపగూడదు. మన రేగడి నలుపు ముఖ్యముగా దాని బంకమట్టికి సంబంధించినది. అందు సేంద్రియపదార్థము కడుతక్కువ. ప్రెయిరీ నలుపు వేళ్లవలన వచ్చినది. వేళ్లను పెకలించి దున్నుట మొదలైన తరువాత ఆ నేలలు తమ సేంద్రియపదార్థములో నాలుగవవంతునుండి సగమువఱకు పోగొట్టుకొన్నవి.

ఐనను ప్రెయిరీ నేలయంతయు ఒకే తీరుది కాదు. కెనడా శాస్త్రజ్ఞులు దానిని వర్ణమునుబట్టి మండలములుగా విభజించిరి. దక్షిణమున అత్యంత శుష్కప్రదేశమందు కపిలవర్ణపు నేలలు; వానిచుట్టును ముదురుకపిల నేలలు; ఆపైన విల్లువలె వంగిన నల్లనేలల పట్టె. నల్లనేలలలో తేమ కొంత నిలుచును. అచ్చట లూసర్నును బ్రోమ్‌గడ్డితో కలిపి విత్తిన పశుగ్రాసము పుష్కలముగా లభించును. కపిలవర్ణపు నేలలలో ఏటి వర్షము, మంచు కలిపి 300 మొదలు 350 మిల్లీమీటర్లు మాత్రమే. కఱవుసీమయని మనము జాలిపడు అనంతపురమున కురియు వర్షముకంటెను ఇది తక్కువ. అచ్చట నీటి కొఱతను తాళగల గడ్డిజాతులే పనికివచ్చును. ఈ మండలములమధ్య అక్కడక్కడ, ముఖ్యముగా ఆల్బర్టా తూర్పుభాగమున, సోలోనెట్స్ అను చౌడునేలలు కలవు. పైన జానెడు మంచిమన్ను. దాని క్రింద సోడియముతో నిండిన బంకమట్టి పొర. ఆ పొర తడిసిన జిగురగును. ఎండిన ఇటుకరాయి యగును. గోధుమవేరు దానిని ఛేదింపలేదు. గడ్డివేరు మాత్రము ఎండినపుడు ఏర్పడు పగుళ్ల వెంబడి ఎట్లో దిగును.

ఈ భేదము పాలకులకు తెలియకపోలేదు. 1857 మొదలు 1860 వఱకు సంచరించిన పాలిసర్ బృందము దక్షిణమున ఒక త్రికోణాకారప్రదేశము సేద్యమునకు తగనంత శుష్కమని బ్రిటిషు ప్రభుత్వమునకు నివేదించినది. ఇరువదియేండ్లకు వచ్చిన మాకూన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, వర్షములు సమృద్ధిగా కురిసిన కాలమున అదే ప్రదేశమును చూచి, గోధుమకు అనుకూలమని వ్రాసెను. రైలుమార్గములు వేయువారికిని, వలసదారులను పిలువగోరువారికిని రెండవ నివేదికయే రుచించినది. 1872నాటి భూచట్టముక్రింద 10 డాలర్ల రుసుమునకు 160 ఎకరములు! అంతకుముందు ఆ భూమినుండి జీవించిన క్రీ, బ్లాక్‌ఫుట్ మున్నగు జాతులతో 1874, 1876, 1877 సంవత్సరములలో ఒడంబడికలు వ్రాయించుకొని వారిని చిన్నచిన్న కేటాయింపు భూములకు నెట్టిరి. కోట్లకొలది సంచరించిన అడవిదున్నలు 1880ల అంతమునకు ఖండమంతటను వేయికి మించి మిగులలేదు. గడ్డిని మేసి, నేలకే ఎరువై కలిసిన మందలు అట్లు పోయినవి. ఆ తరువాతనే గోధుమ వచ్చినది. సామ్రాజ్యమున కొక ధాన్యపు గాదె కావలెను. నేల వర్ణమును చూచు తీరిక ఎవనికి గలదు?

ఫలము 1930ల దశకమున అనుభవమునకు వచ్చినది. 1935 ఏప్రిలు 14వ తేదీని అమెరికా దక్షిణమైదానములపై లేచిన ధూళిమేఘము పట్టపగలును చీకటి గావించినది. ఆ నెలలోనే కెనడా పార్లమెంటు ప్రెయిరీ క్షేత్రపునరుద్ధరణ చట్టమును, అమెరికా కాంగ్రెసు భూసంరక్షణ చట్టమును గావించినవి. కెనడాలో ఆ చట్టముక్రింద ఏర్పడిన సంస్థ, రైతులు విడిచిపోయిన ఇసుకనేలలను, పలుచని కపిలనేలలను సేకరించి, కంచె వేసి, గడ్డి నాటి, చిన్నరైతుల పశువులు స్వల్పరుసుముతో మేయుటకు విడిచినది. ఇవియే ఆ ఉమ్మడిబయళ్లు.

వాని చరిత్రయును నిష్కళంకము కాదు. మానిటోబాలోని సెయింట్ మడలీన్ అను గ్రామమున మెటీలు, అనగా ఆదిమజాతుల, ఫ్రెంచి మున్నగు ఐరోపావారి కలయికవలన ఏర్పడిన జాతివారు, నివసించుచుండిరి. ఆ గ్రామభూమి ఇసుకనేల; పచ్చికకే తగినది; నిజమే. కాని 1938లో ఆ నెపమున వారిని వెడలగొట్టి, ఇండ్లను తగులబెట్టి, కుక్కలను కాల్చివేసిరి. పన్నుబాకీ పడిన కుటుంబములకు పరిహారమైనను దక్కలేదు. శాస్త్రము సత్యమును చెప్పినను దానిని అమలుపఱచు హస్తము ఎవరిదో మనము చూచుకొనుచుండవలెను.

ఇక నాటిన గడ్డి మాట. సైబీరియా ప్రాంతమునుండి తెచ్చిన క్రెస్టెడ్ వీట్‌గ్రాస్ అను గడ్డిని సస్కటూన్ విశ్వవిద్యాలయమున కర్క్ అను ఆచార్యుడు అభివృద్ధి గావించెను. అది వసంతారంభముననే చిగిర్చును. కఱవును, చలిని లక్ష్యపెట్టదు. ఎగిరిపోవుచున్న నేలను పట్టి నిలిపిన ఘనత చాలవఱకు దానిదే. కాని అదియు పరదేశి. ఒకమాఱు పాతుకొన్న పిదప దశాబ్దములైనను స్వదేశపు గడ్డిజాతులకు చోటీయదు. లూసర్ను కథ మఱియొక విధము. మనదేశమున పాడిపశువులకు వేయు లూసర్నే ఇది. 1857లో జర్మనీలోని బాడెన్ సీమనుండి మినెసోటాకు వలసవచ్చిన వెండెలిన్ గ్రిమ్ అను రైతు తనతో కొన్ని విత్తులు తెచ్చుకొనెను. చలికి పైరు అధికభాగము చచ్చినది. బ్రతికిన మొక్కల విత్తనమునే మఱల విత్తెను. ఏటేట అట్లే చేసెను. గ్రిమ్ లూసర్ను అట్లు పుట్టినది. ఉత్తరప్రెయిరీలలో లూసర్ను సేద్యమునకు అదియే పునాది. శాస్త్రజ్ఞులు దాని విలువను గుర్తించుటకు నలుబదియేండ్లకు పైగా పట్టినది! 1955లో స్విఫ్ట్ కరెంట్ పరిశోధనాలయమువారు ప్రాకెడువేళ్లు గల రాంబ్లర్ అను రకమును విడుదల గావించిరి. పశువుల త్రొక్కిడిని, ఎండను అది తాళును. లూసర్ను నీరు నిలుచు నేలను, ఆమ్లపునేలను సహింపదు. పచ్చిగా మేసిన పశువులకు కడుపుబ్బరము గలిగించును. ఈ లోపములను ఎఱిగి, తగిన నేలలో, ఇతర గడ్డితో కలిపి వేయవలెను.

పశుగ్రాసమువలని ప్రయోజనము పశువుల మేతతో ముగియదని గ్రహించుటకు ఉప్పు ఊటల సంగతి చూడవలెను. పూర్వము పచ్చికవేళ్లు కురిసిన నీటినంతయు త్రాగివేయుచుండెడివి. గోధుమసేద్యగాండ్రు ఒకయేడు పైరు, ఒకయేడు బీడుదుక్కి అను పద్ధతి నవలంబించిరి. బీడుపెట్టిన యేడు త్రాగు వేరు లేదు. నీరు అడుగునకు దిగి, అచ్చటి లవణములను కరగించుకొని, నీరింకని పొరమీదుగా పల్లమునకు ప్రాకి, పైకి వచ్చి, ఎండి, తెల్లని ఉప్పును మిగిల్చినది. పల్లమునందలి రైతు ఏ పాపము నెఱుగడు. నీటిని విడిచినది మెఱకరైతు. మొంటానాలోను, ఆల్బర్టాలోను కనుగొనబడిన మందు ఏదనగా, ఉప్పుతేలిన చోట కాక, మెఱకమీద లూసర్నును వేయుట. దాని వేళ్లు కొన్ని మీటర్ల లోతునకు దిగి నీటిని పల్లమునకు పోనీయక త్రాగును. పల్లమున ఉప్పును తాళు వీట్‌గ్రాస్ జాతులను నాటుదురు. రోగమొకచోట, మందు మఱియొకచోట. ఇద్దఱు రైతులు ఒకమాటమీద నిలువనిది ఇది సాగదు. ఉమ్మడియాజమాన్యము యొక్క ఆవశ్యకతకు ఇంతకంటె నిదర్శనమేల?

ప్రసంగవశమున ఒక మహనీయుని స్మరింపక ఉండజాలము. స్వీట్ క్లోవరు ఈ నేలలలో తేలికగా పెరుగు మేత. 1920ల ఆరంభమున బూజుపట్టిన స్వీట్ క్లోవరు ఎండుగడ్డిని మేసిన పశువులు రక్తము కాఱి చచ్చినవి. కారణము ఆ పాడైన గడ్డియే అని తేల్చినవాడు పశువైద్యుడు ఫ్రాంక్ స్కోఫీల్డ్. 1919లో కొరియాప్రజలు స్వాతంత్ర్యముకొఱకు లేచినపుడు జపానువారు గావించిన ఘాతుకములను ఛాయాచిత్రములతో లోకమునకు వెల్లడించినవాడును ఈతడే. తరువాత విస్కాన్సిన్‌లో లింక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ గడ్డిలోని విషమును వేఱుపఱచెను. రక్తము గడ్డకట్టకుండ నేటి వైద్యులిచ్చు వార్ఫరిన్ ఆ శాఖకు చెందినదే.

గోధుమ నంతయు పెఱికివేయుమని మేము చెప్పుటలేదు. 1956నాటి ఒడంబడికతో అమెరికానుండి వచ్చిన గోధుమ మనదేశమున ఎన్ని పొయ్యిలను వెలిగించినదో మఱచుట కృతఘ్నత. మంచి నల్లనేలలో ధాన్యము పండనిండు. వివాదము అంచునేలలనుగూర్చి. ధాన్యపు ధర హెచ్చినప్పుడెల్ల వానిపై నాగలి లేచుచున్నది. అమెరికాలో 1985నాటి చట్టముతో బలహీనభూములకు బాడుగ యిచ్చి పచ్చిక నిలుపు పద్ధతి ఏర్పడినది. 2007లో అట్టి భూమి సుమారు 3 కోట్ల 68 లక్షల ఎకరములు. ఆ యేడే మోటారు ఇంధనముకొఱకు మొక్కజొన్న సారాయిని విస్తారముగా వాడవలెనని శాసించిరి; మొక్కజొన్న ధర పెరిగినది; 2016 నాటికి పచ్చిక సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరములకు దిగినది. పొడవుగడ్డి ప్రెయిరీలో నేడు మిగిలినది నూటికి నాలుగువంతులకు లోపు. అందు పెద్దభాగము కాన్సాసు రాష్ట్రపు ఫ్లింట్ గుట్టలలో నున్నది. అచ్చట చెకుముకిరాయి నాగలిని దిగనీయలేదు. కనుక గడ్డి బ్రతికినది.

కెనడాలో రాయి అడ్డుపడని చోట చట్టము అడ్డుపడుచుండెను. ఆ చట్టపు రక్షణ నేడు ముక్కలైనది. గోవెన్‌లాక్, నాష్‌లిన్, బ్యాటిల్ క్రీక్ అను మూడుబయళ్లు మాత్రము కేంద్ర పర్యావరణశాఖ చేతిలో నిలిచినవి. మానిటోబాలో పశుపోషకుల సంఘము లాభాపేక్ష లేక కొన్నింటిని నడుపుచున్నది. సస్కాచువాన్‌లో మేతదారుల సముదాయములకు కౌలుకిచ్చిరి. ఆ రాష్ట్రప్రభుత్వము 2017లో తన సొంతబయళ్ల నిర్వహణనుండియు తొలగుటకు నిశ్చయించినది. కౌలుదారులు నిన్నటివఱకు అచ్చట పశువులు మేపినవారే. వారిని మేము శంకింపము. కాని కౌలు చేతులు మారును, ధరలును మారును. నేలను దున్నరాదు, మడుగులను ఎండగట్టరాదు అను రెండు షరతులు ప్రతి కౌలుపత్రమునను, ప్రతి విక్రయపత్రమునను, కొనువాని వారసులనుగూడ బంధించునట్లు వ్రాయబడవలెను. ఆ షరతుల అమలును విచారించు సంఘములలో పశుపోషకులతోపాటు, 1870లనాటి ఒడంబడికలపై చేవ్రాలు చేసిన జాతులకును, సెయింట్ మడలీన్‌నుండి వెడలగొట్టబడిన మెటీల సంతతికిని స్థానముండవలెను.