దజ్లా, ఫురాత్ బాతులకు కాపలా ఎవరు?

ఫురాత్ నది పేరు వినని ముస్లిం కుటుంబం ఉండదు. ముహర్రం నెలలో కర్బలా ఉదంతం చెప్పుకునే ప్రతి ఇంటా ఆ నదీ తీరం, ఆ దాహం గుర్తుకు వస్తాయి. హైదరాబాద్ నుంచి జియారత్‌కు వెళ్లి వచ్చిన వారిలో కొందరు ఆ నీటిని కళ్లారా చూసి ఉంటారు. అయితే అదే నది ఇంకా దక్షిణానికి పారి, దజ్లా నదికి చేరువయ్యే చోట ఏం జరిగిందో మనలో ఎందరికి తెలుసు? బడి పుస్తకాల్లో యూఫ్రటిస్, టైగ్రిస్ అని మనం చదువుకున్న నదులు ఇవే.

ఇరాక్ దక్షిణాన నాసిరియా, అమారా, బస్రా పట్టణాల నడుమ ఈ రెండు నదుల నీరు పరుచుకుని పెద్ద చిత్తడి నేల ఏర్పడింది. 1970లలో దాని విస్తీర్ణం 15 వేల నుంచి 20 వేల చదరపు కిలోమీటర్ల వరకు ఉండేది. అక్కడి అరబ్బులు రెల్లుతోనే ఇళ్లు కట్టుకున్నారు. గేదెలు మేపుకున్నారు, చేపలు పట్టుకున్నారు. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే బాతులను వేటాడి తిన్నారు. మన కొల్లేరుకు వచ్చే సూదితోక బాతులు, పరజల వంటి జాతులే అక్కడికీ వలస వెళతాయి. తరతరాలుగా వేట సాగినా బాతులు తరిగిపోలేదు. ఎందుకంటే నీరు ఉంది, రెల్లు ఉంది, వేటకు ఒక హద్దు ఉంది.

1991లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వంపై దక్షిణాది ప్రజలు తిరగబడ్డారు. ఓడిన వారు ఆ రెల్లు పొదల్లో తలదాచుకున్నారు. ప్రభుత్వం కట్టలు పోసి, కాలువలు తవ్వి, నదుల నీటిని పక్కకు మళ్లించింది. దాదాపు 90 శాతం చిత్తడి నేల ఎండిపోయిందని 2001లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ ప్రకటించింది. వేలాది కుటుంబాలు ఇరాన్‌కు, ఇతర పట్టణాలకు వలసపోయాయి. మనుషుల మీద పగతో నీటినే చంపిన ఘోరమది.

2003లో ప్రభుత్వం కూలగానే స్థానికులు ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురు చూడలేదు. తామే కట్టలు తెగగొట్టారు. కొద్ది సంవత్సరాల్లోనే దాదాపు సగం నేల మళ్లీ తడిసింది. రెల్లు మొలిచింది, పక్షులు వచ్చాయి. అమెరికాలో స్థిరపడిన ఇరాకీ ఇంజినీరు అజ్జామ్ అల్వాష్ స్వదేశానికి తిరిగివచ్చి ఈ పనికి అంకితమయ్యారు. 2013లో ఆయనకు గోల్డ్‌మన్ బహుమతి లభించింది. 2016లో యునెస్కో ఈ నేలలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

కథ ఇక్కడితో ముగిస్తే ఎంత బాగుండేది! బాతులతో పాటు వాటిని పట్టి అమ్మే వ్యాపారమూ తిరిగివచ్చింది. పెద్ద వలలు పన్ని గుంపులు గుంపులుగా పట్టి బజారులో అమ్ముతున్నారు. కొన్నిచోట్ల విషమూ పెడుతున్నారు. ప్రపంచంలో అరుదైపోయిన మార్బుల్డ్ టీల్ అనే చిన్న బాతుకు ఈ చిత్తడి నేలలు ముఖ్యమైన ఆశ్రయం. వలకు ఆ తేడా తెలియదు.

పేదవాడు నాలుగు బాతులు పట్టుకుంటే తప్పేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటిల్లిపాది ఆకలి తీర్చే నాలుగు బాతుల గురించి కాదు మన బాధ. బండ్లకెత్తి అమ్మే నాలుగు వందల గురించే. ఆహారం కోసం వేటను ఇస్లాం అనుమతించింది. ఉబుసుపోకకు ప్రాణం తీయడాన్ని ఉలమాలు గర్హించారు. ఇహ్రామ్‌లో ఉన్నవారికి అడవి జంతువుల వేట పూర్తిగా నిషిద్ధం. వేటకూ హద్దు ఉందని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం కావాలా? ఇక జబహ్ కాకుండా విషం తిని చచ్చిన పక్షి హలాల్ ఎలా అవుతుంది?

అలాగని నేరమంతా వేటగాడి మీదకే నెట్టడం అన్యాయం. ఎగువన తుర్కియే ఫురాత్‌పై అతాతుర్క్ డ్యామ్ కట్టింది. దజ్లాపై ఇలిసు డ్యామ్‌ను 2019లో నింపడం మొదలుపెట్టింది. ఇరాన్ కూడా తన వైపు నుంచి వచ్చే నీటికి అడ్డుకట్టలు వేసింది. 2021 తర్వాత కరవు తోడయింది. గేదెలు చచ్చాయి, కుటుంబాలు మళ్లీ వలసపోయాయి. చేపలు లేక, పాలు లేక నిలబడిన వాడికి వల ఒక్కటే మిగిలితే, వాడిని నిందించి ఏం లాభం? ముందు ఎగువ దేశాలు నీటి వాటా ఇవ్వాలి. ఆ తర్వాత నీటికి కాపలా ఆ ఊరివాడికే అప్పగించాలి.

వేటగాడే కాపలాదారు కావడం సాధ్యమా? సాధ్యమే. అమెరికాలో 1934 నుంచి బాతుల వేటకు వెళ్లేవారు ఏటా ఒక స్టాంపు కొనాలి. ఆ సొమ్ముతో చిత్తడి నేలలు కొని కాపాడుతున్నారు. రేపు బాతు ఉంటేనే తన వేట ఉంటుందని అక్కడి వేటగాడికి అర్థమైంది. కట్టలు తెంచి నీరు తెచ్చుకున్న ఇరాకీలకు అంతమాత్రం అర్థం కాదా? వారికి హక్కూ బాధ్యతా రెండూ ఇవ్వాలి. ఎన్ని పట్టాలో, ఏ నెలల్లో పట్టకూడదో వారి పెద్దలే కూర్చుని తేల్చాలి.

మరి మన సంగతి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో అడవి బాతులను వేటాడటం నేరం. అయినా చలికాలంలో చెరువు గట్ల మీద పరజల మాంసం గుట్టుగా అమ్ముడవుతూనే ఉంది. కొనేవాడు ఉన్నంతకాలం వల పన్నేవాడు ఉంటాడు. ఈసారి ఎవరైనా ఆ మూట ఇంటికి తెస్తే, వద్దని తిప్పి పంపే ఇల్లాలే మన చెరువుకు మొదటి కాపలా.