ఐకారము, ఔకారము

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న దినములలో ఒకనాడు రెండవ తరగతి గదిలోనికి పోయితిని. గోడకు అక్షరమాల పటము వ్రేలాడుచుండెను. అందలి 'ఔ' అను అక్షరముపై చూపుడుకఱ్ఱ కొన నుంచి, ముందు వరుసలో కూర్చున్న బాలుని "ఇది ఏ అక్షరము?" అని అడిగితిని. వాడు తల వంచుకొనెను. "రాదా?" అని మరల అడిగితిని. వాడు మెల్లగా "ఔ సార్" అనెను. నేను పెదవి విఱిచి ప్రక్కవాని వైపు తిరిగితిని. అప్పుడు తట్టినది. నా చేతి కఱ్ఱ ఇంకను ఆ అక్షరముపైననే యున్నది. వాడు పలికినదియు ఆ అక్షరమే. అడిగిన ప్రశ్నకు సరియైన ఉత్తరము చెప్పియు, వాడు రాదని ఒప్పుకొన్నవానివలె నిలుచుండెను. ఆ సంగతి వానికిని తెలియదు. క్షణకాలము నాకును తెలియలేదు.

విద్యార్థులారా! మన నల్లగొండ, పాలమూరు సీమలలో 'ఔ' అనునది ఒక పూర్ణవాక్యము. "అన్నము తింటివా?" అనిన "ఔ". "వాన వచ్చినదా?" అనిన "ఔ". మాటలు నేర్చుచున్న రెండేండ్ల బిడ్డకు కూడ అది వచ్చును. అట్టి అక్షరమే పటముపైకి ఎక్కగానే పిల్లలకు కొఱుకుడు పడకపోవుట నాకు చాలకాలము వింతగా తోచెడిది. ఇప్పుడు తోచుట లేదు. లోపము పిల్లలయందు లేదు, మనము నేర్పు వరుసయందు ఉన్నదని నా నిశ్చితాభిప్రాయము. దానినే ఇచట మనవి చేసెదను. మీలో పెక్కుమందికి ఇండ్లలో తమ్ములు, చెల్లెండ్రు ఉందురు. తల్లిదండ్రులు చేనికి పోయిన వేళ వారికి చదువు చెప్పువారు మీరే. కావున ఇది ఉపాధ్యాయులకు మాత్రమే చెందిన విషయము కాదు.

అక్షరమాల పటములను చూడుడు. ఐకారము చెంత ఐరావతమును, ఔకారము చెంత ఔషధమును చిత్రించుట చిరకాలపు ఆచారము. ఐరావతము ఇంద్రుని తెల్లయేనుగు. మా ఊళ్ళ పిల్లలకు నల్లయేనుగే అరుదు. ఔషధపు సీసాను చూపి "ఇదేమి?" అని అడిగినచో "మందు" అందురు. అది తప్పు కాదు. వారి యింట దాని పేరు మందే. బొమ్మను చూచి మకారము పలికిన పిల్లవానికి ఔకారము ఎట్లు పట్టుపడును?

నిజము విచారింపగా, తెలుగులో ఐ, ఔ లతో మొదలగు మాటలు కొద్ది. ఈ ధ్వనులు హల్లులతో కలిసి వచ్చు మాటలు కొల్లలు. పైసలు, రైతు, పైరు, కైకిలి, కౌలు, సైకిలు, రైలు, చౌరస్తా మొదలగువానిని పిల్లవాడు దినమునకు పదిమార్లు వినును. బతుకమ్మ పండుగకు ఇంటింట పసుపుతో గౌరమ్మను చేయుదురు. ఊరి పొలిమేరలో మైసమ్మ యున్నది. కడ్తాలు చెంతనున్న మైసిగండిలో ఆ తల్లి గుడికి ఎచటెచటినుండియో జనులు వత్తురు. జాన్‌పహాడు దర్గాకు మ్రొక్కుకొన్నవారు తమ బిడ్డలకు సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుదురు. ఆ పేర్లు హిందువులలోను, ముసల్మానులలోను ఉన్నవి. హైదరాబాదునుండి విజయవాడకు పోవు బాటలో చౌటుప్పల్, పాలమూరు జిల్లాలో కౌకుంట్ల, ఊరి పేర్లలోనే ఔత్వమును మోయుచున్నవి. తన పేరులోనే ఐత్వమున్న పిల్లవానికి ఐరావతముతో పని యేమి? కావున మొదట నేర్పవలసినది పటములోని అచ్చులను కాదు, గుణింతములోని ఐత్వ ఔత్వములను. అచ్చులు పిమ్మట తమంత తామే వచ్చును.

"ఇవి కష్టమైనవి, అన్నియు వచ్చిన తరువాత చివరకు చెప్పుదము" అను ఉపాధ్యాయులను నేనెఱుగుదును. ఆ ఆలోచన మంచి మనసుతో పుట్టినదే. కాని చివర వఱకు బడిలో నుండు భాగ్యము ప్రతి పిల్లవానికి ఉన్నదని వారు తలంతురు. ఈ మాటకు మరల వత్తును.

గుణింతపు గుర్తులకు మన పెద్దలు చక్కని పేర్లు పెట్టిరి. తలకట్టు తలపై నుండును. కొమ్ము కొమ్మువలె వంగి యుండును. పేరు వినినంతనే ఆకారము కన్నులకు కట్టును. ఎత్వము మొదలుకొని ఆ సౌకర్యము పోయినది. ఐత్వము, ఔత్వము అను పేర్లు ధ్వనిని చెప్పునే కాని రూపమును చెప్పవు. 'కై' అని వ్రాసి చూడుడు. పైన నున్నది ఎత్వమే. హల్లు క్రింద ఒక వంకర తోక అదనముగా చేరినది. రెండును కలిసిననే ఐత్వము. పిల్లవాని చూపు అక్షరపు తలపై నిలిచి క్రిందికి దిగదు. అందుచే కైకిలిని 'కెకిలి' అని చదువును. వానిని మందమతి యని తిట్టిన ఫలము లేదు. "పైన ఎత్వము, క్రింద తోక" అని నాలుగు మార్లు పాడించి, ఆ తోకను రంగు సుద్దముక్కతో వ్రాసి చూపిన చాలును.

ఔత్వముతో వచ్చు చిక్కు వేఱు. 'గో', 'గౌ' లలో గుర్తులు రెండును అక్షరము పైభాగముననే యుండును. ధ్వనులును దగ్గఱివే. అందుచే గౌరమ్మ 'గోరమ్మ' యగును. ఇచట కన్నుకంటె పెదవిని నమ్ముట మేలు. అద్దము ముందు నిలిచి 'ఓ' అనుడు. మొదటినుండి తుదివఱకు పెదవులు గుండ్రముగానే యుండును. ఇప్పుడు 'ఔ' అనుడు. నోరు ముందు అకారమునకు తెఱచుకొని, పిమ్మట ఉకారమునకు ముడుచుకొనును. అట్లే 'ఏ' అనునపుడు నాలుక ఒకచోటనే నిలుచును. 'ఐ' అనునపుడు అకారమునుండి ఇకారమునకు జాఱును. ఒక్క అక్షరములో రెండు అచ్చుల నడక యున్నది. మన వ్యాకరణము వీనిని వక్రతమములు అనును. అనగా మిక్కిలి వంకరయైనవి. ఆ మాట చిన్నపిల్లలకు చెప్పనక్కఱలేదు, అద్దము చాలును. ఉర్దూ మాటలాడు ఇండ్లనుండి వచ్చు పిల్లలు పైసాలోని ఐకారమును నోరు వెడల్పు చేసిన ఎకారమువలె పలుకుదురు. వారి యింటి భాషలో అదియే సరియైన పలుకు. వారిని అద్దము ముందు మఱికొంత సేపు నిలుపవలెను, అంతే.

గౌ ను గో గా పలుకు పిల్లలను పరిహసించువారితో ఒక మాట. ప్రాకృతభాషలలో ఐ, ఔ లు సాధారణముగా ఏ, ఓ లుగా మాఱినవి. గౌతమబుద్ధుడు పాళిభాషలో గోతముడైనాడు. నాగార్జునసాగరము చెంత 2022లో ప్రారంభమైన బుద్ధవనమును, సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండపై బౌద్ధ శిథిలములను చూచినప్పుడు ఈ సంగతిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రెండువేల యేండ్లకు పూర్వము పండితులును, భిక్షువులును పలికినట్లు ఆఱేండ్ల పిల్లవాడు పలికినచో కనుబొమలు ముడుచుట న్యాయమా? దిద్దవలసినదే, కాని నవ్వకుండ దిద్దవలెను.

మూడవ రకపు తప్పు నిజముగా తప్పే కాదు. పిల్లవాడు ఐదును 'అయిదు' అనియు, ఔనును 'అవును' అనియు వ్రాయును. తెలుగు మాటలలో ఈ రెండు రూపములును పుస్తకములయందు కనబడుచునే యున్నవి. గద్వాల జిల్లాలో ఐజ అను ఊరున్నది. దానిని కొందఱు ఐజ అనియు, కొందఱు అయిజ అనియు వ్రాయుదురు. కట్టంగూరు మండలములోని ఐటిపాముల సంగతియు అంతియే. వ్రాత మాఱినను ఊరు కదలలేదు. మీరు గురులఘువులను నేర్చినవారు కనుక లెక్కించి చూడుడు. 'ఐ' ఒక గురువు, రెండు మాత్రలు. 'అయి' రెండు లఘువులు, అవియు రెండు మాత్రలే. 'అయిదు' అని వ్రాసిన పిల్లవాడు ఐకారమును విడదీసి, రెండు భాగములను విని, రెండింటిని వ్రాసినాడు. వాని చెవి మన చెవికంటె సూక్ష్మమైనది.

ఈ వివేకము నాకు మొదటినుండి లేదు. 1984లో, ఉద్యోగములో చేరిన క్రొత్తలో, పాలమూరు జిల్లాలోని ఒక పల్లెయందు మూడవ తరగతికి చెప్పుచుంటిని. తరగతిలో ఒక బాలిక యుండెను. ఆమె పేరు ఐకారముతో మొదలగునది. హాజరుపట్టికలో ఐ అని యున్నది. ఆమె పలకపై 'అయి' అని వ్రాసికొనెను. నేను ఆ రెండక్షరములను తుడిచి, "తన పేరు తనకే రాదు" అని తరగతి అంతయు వినునట్లు అంటిని. పిల్లలు నవ్విరి. మఱునాడు ఆమె రాలేదు. ఆ వారమంతయు రాలేదు. విచారింపగా, తల్లిదండ్రులు మట్టిపనికై బొంబాయి వైపు వలసపోవుచు ఆమెను వెంట తీసికొనిపోయిరని తెలిసినది. పాలమూరు కూలీలు ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు దేశమంతట మట్టి మోసినవారు. అట్లు పోవు కుటుంబములు ఆ దినములలో మా చుట్టుపట్ల ప్రతి పల్లెలోను ఉండెను. నా మాటవలననే ఆమె బడి మానలేదని నాకు తెలియును. కాని ఆ యేడు ఆమెకు బడిలో దక్కినవి నాలుగో, ఐదో నెలలు. వానిలో ఒక దినమును నేను, ఆమెకు వచ్చినదానిని రాదని నమ్మించుటకు వెచ్చించితిని.

ఇరువది యేండ్లు గడచిన పిమ్మట నేను బదిలీపై మరల ఆ ప్రాంతమునకు పోయితిని. ఆమె తన కుమారుని చేర్పించుటకు బడికి వచ్చెను. "వ్రేలిముద్ర వేయుదువా?" అని గుమాస్తా అడుగగా, ఆమె కలము తీసికొని పెద్ద పెద్ద అక్షరములతో సంతకము చేసెను. 'అయి' తోనే మొదలుపెట్టెను. నన్ను గుర్తింపలేదు. నేనును చెప్పుకొనలేదు. ఆ సంతకమును దిద్దలేదు.

కష్టమైన అక్షరములను చివరకు నెట్టరాదని నేననుటకు కారణము ఇదియే. పత్తి ఏఱు కాలము వచ్చినను, పెద్దలు వలసపోయినను నడుమ బడి తప్పు పిల్లలు మన జిల్లాలలో ఇంకను ఉన్నారు. వారికి ముందుగా చేతికి రావలసినది, వారి ఇంటిలో నిత్యము పలుకు మాటల వ్రాత.

అట్లని ఎచట ఎట్లు వ్రాసినను సరియే యని నా మతము కాదు. కౌలు, కవులు అను రెండు మాటలను చూడుడు. కౌలురైతును 'కవులురైతు' అని వ్రాసినచో పొలము దున్నువాడు పద్యములల్లువాడగును. మన పాలమూరు సీమకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. మూడువందల యేబదికి పైగా తెలంగాణ కవులను అందు చూపిరి. ఆ పేరులో 'కవుల'ను 'కౌల' అని మార్చి చూడుడు. అది కాస్త కౌలు కాగితముల కట్ట యగును.

సంస్కృతమునుండి వచ్చిన మాటలలో నియమము ఇంకను గట్టిది. గౌరవమును 'గవురవము' అని వ్రాయరాదు. ఎందుకు వ్రాయరాదో మీవంటి పెద్దపిల్లలకు చెప్పవచ్చును. గురువునుండి గౌరవము, పురమునుండి పౌరుడు, శూరునినుండి శౌర్యము, బుద్ధునినుండి బౌద్ధము కలిగినవి. మూలములో ఉకారమో, ఊకారమో యున్నచోట ఔకారము వచ్చినది. నీతినుండి నైతికము, దినమునుండి దైనికము, వేదమునుండి వైదికము కలిగినవి. ఇ, ఈ, ఏ లున్నచోట ఐకారము వచ్చినది. కృష్ణానదికి ఆవలి ఒడ్డుననున్న శ్రీశైలములోని శైలము శిలనుండి పుట్టినదే. ఈ బంధుత్వము తెలిసినవానికి వర్ణక్రమమును బట్టీయము పెట్టు బాధ తప్పును. ఆఱేండ్ల పిల్లవానికి మాత్రము ఇది వలదు. వానికి పైసలు చాలును.

"ఇంగ్లీషు వచ్చిన చాలును, ఈ ఐత్వములెందుకు?" అను తల్లిదండ్రులు కలరు. 2022-23 విద్యాసంవత్సరమునుండి మన ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము విస్తరింపబడినది. పుస్తకములు ఒక పుట తెలుగు, ఒక పుట ఇంగ్లీషుగా అచ్చైనవి. మంచిదే. కాని ఐకారపు ధ్వని ఇంగ్లీషులోను ఉన్నది. 'నా' అనుటకు మై, 'ఎత్తైన' అనుటకు హై, 'కన్ను' అనుటకు ఐ అందురు. పలుకునపుడు మూడింటను ఒక్కటే ధ్వని. వ్రాయునపుడు మూడు తీరులు. ఆ తీరులను అచటి పిల్లలు ఒక్కొక్కటిగా కంఠస్థము చేయవలెను. మనకు ఒక్క గుర్తుతో పని తీఱుచున్నది. తన భాషలో ఈ ధ్వనిని విని, విడదీసి, గుర్తుపట్ట నేర్చినవాడు ఇంగ్లీషులో తక్కువ తడబడునని నా అనుభవము.

చిన్న తరగతుల చదువును చక్కబఱచుటకై 2022లో మన రాష్ట్రమున తొలిమెట్టు అను కార్యక్రమము ఆరంభమైనది. దానిని నేను ఆదరించుచున్నాను. నా కోరిక ఒక్కటియే. తప్పు కనబడగానే ఎఱ్ఱసిరాతో కొట్టివేయక, అది ఏ తప్పో చూడవలెను. 'కెకిలి' అన్నవానికి కన్ను క్రిందికి దింపవలెను. 'గోరమ్మ' అన్నవానికి అద్దము చూపవలెను. 'అయిదు' అని వ్రాసినవానిని "ఇట్లును వ్రాయుదురు" అని ఐదు వ్రాసి చూపి విడిచిపెట్టవలెను.

మీరు మీ తమ్మునికో, చెల్లెలికో చెప్పదలచినచో ఒక్కసారి అన్నియు కుమ్మరింపకుడు. మొదటి దినము 'పైసలు' ఒక్కటియే చాలును. పలకపై పెద్దదిగా వ్రాసి, తోకను వ్రేలితో దిద్దింపుడు. మఱునాడు ఇంటివారి పేర్లలో ఎచటనైన ఐత్వమున్నచో దానిని చూపుడు. గౌరమ్మను, కౌలును మూడవనాడు చెప్పవచ్చును. పిమ్మట పటము కడకు తీసికొనిపోయి, ఔకారముపై వ్రేలుంచి "ఇది రాదా?" అని అడుగుడు. వాడు "ఔ" అనినచో, నావలె ప్రక్కవాని వైపు తిరుగకుడు.