శిశుపోషణము: ప్రక్క తడుపు బిడ్డ



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల సోదరీమణులనుండి మాకు వచ్చుచున్న జాబులలో ఒక ప్రశ్న మాటిమాటికి కనబడుచున్నది. ఆరేడేండ్లు వచ్చినను బిడ్డ రాత్రులందు ప్రక్క తడుపుచున్నాడు, ఏమి చేయవలెనని ఆ ప్రశ్న. ఒక తల్లి బతుకమ్మ పండుగకు పుట్టింటికి పోవుటయే మానుకొన్నదట. వదినెల యెదుట బొంత తడిసినచో నగుబాటగునని ఆమె భయము. మరియొక తల్లి దురాజ్‌పల్లి జాతరకు చుట్టముల యింట దిగి, రాత్రియంతయు బిడ్డ ప్రక్కను మేలుకొని కూర్చున్నదట. తల్లికే ఇంత దిగులైనప్పుడు, ఆ పసిమనస్సు పడు బాధ యెంతటిదో చెప్పవలెనా? కావున ఈ మాసమున ఈ విషయమునే ముచ్చటించుచున్నాము.

తల్లి మొదట తెలిసికొనవలసిన దొక్కటి కలదు. నిద్రలో ప్రక్క తడుపు బిడ్డ కావలెనని తడుపుట లేదు. అది సోమరితనమును కాదు, మొండితనమును కాదు. రాత్రివేళ మూత్రము తక్కువగా ఊరునట్లు చేయు రసమొకటి మన శరీరములో పుట్టును. కొందరు బిడ్డలయందు అది ఆలస్యముగా కుదురుకొనును. కొందరి మూత్రాశయము చిన్నది. ఆరేండ్ల బిడ్డ మూత్రాశయము సుమారు 210 మిల్లీలీటర్లు, అనగా ఒక గ్లాసెడు మాత్రమే పట్టును. అది నిండినప్పుడు మెలకువ రావలెను. గాఢనిద్ర పోవు బిడ్డకు ఆ మెలకువ రాదు. ఈ మూడును వయస్సుతో కుదురుకొనునవే.

అయిదేండ్ల బిడ్డలలో నూటికి సుమారు 15 మంది రాత్రులందు ప్రక్క తడుపుదురు. వారిలో ఏటేట నూటికి సుమారు 15 మంది తమంతట తామే మానుదురు. పదేండ్ల వయస్సుననైనను నూటికి అయిదుగురు మిగిలియుందురు. ఇది వంశములో వచ్చు లక్షణము కూడ. తలిదండ్రులలో ఒకరికి చిన్ననాడు ఈ బాధ యున్నచో బిడ్డలలో నూటికి సుమారు 44 మందికి, ఇరువురికిని ఉన్నచో 77 మందికి వచ్చును. కావున పిల్లవానిని కసరు తండ్రి మొదట తన తల్లిని అడిగి చూడవలెను! "నీవును ఎనిమిదేండ్లవరకు బొంతలు తడిపినవాడవే నాయనా" అని ఆమె నవ్విన నవ్వచ్చును. ఆ మాట తండ్రియే బిడ్డకు చెప్పినయెడల, మందుకన్న మేలు చేయును.

ఇక చేయరాని పనులు. వాతలు పెట్టుట మన పల్లెలలో నేటికిని పూర్తిగా పోలేదని వినుచున్నాము. కాలిన గరిట బిడ్డ తొడకు తగిలిన మచ్చ జన్మాంతము నిలుచును. ప్రక్క తడుపుట మాత్రము మానదు, భయముచే ఇంకను హెచ్చును. 2015 నాటి బాలల న్యాయచట్టముచే, తన పోషణలోనున్న బిడ్డను ఇట్లు హింసించుట నేరము కూడ. అట్టి హింస కంటబడినచో 1098 అను సంఖ్యకు ఫోను చేసి తెలుపవచ్చును. తడిసిన పక్కబట్ట వాకిట దండెముపై వేసి అందరికిని చూపుట, తోబుట్టువులచేత వెక్కిరింపించుట, ఇరుగుపొరుగు వారితో చెప్పుట ఇవియు వాతలవంటివే. తాయెత్తులవలన ప్రయోజనము లేదు. నువ్వులు, బెల్లము మంచి ఆహారమే గాని ఈ బాధకు మందు కాదు.

చేయదగిన పనులు చెప్పెదము. మన ప్రాంతపు ఎండలు దారుణములు. బిడ్డకు నీరు మాన్పించుట ప్రమాదము. అయితే నీరు త్రాగు వేళ మార్చవచ్చును. పాఠశాలలో మరుగుదొడ్డి బాగుండదని అనేకులు, ముఖ్యముగా ఆడపిల్లలు, పగలంతయు నీరు త్రాగక, ఒంటికి పోక ఓర్చుకొందురు. ఇంటికి వచ్చి చెంబెడు నీరు ఒక్కసారిగా త్రాగుదురు. ఆ నీరంతయు రాత్రి పక్కలో చేరును. కావున ఉదయము, మధ్యాహ్నము చాలినంత నీరు త్రాగించి, రెండు మూడు గంటల కొకసారి ఒంటికి పొమ్మని చెప్పవలెను. రాత్రి భోజనమైన తరువాత దప్పిక తీరునంత మాత్రమే ఇయ్యవలెను. సాయంకాలము బిడ్డలకు టీ పోయు అలవాటు మానవలెను. టీ మూత్రమును హెచ్చించును.

మలబద్ధకము ఈ బాధకు చాటున దాగిన కారణము. నిండిన పెద్దప్రేవు మూత్రాశయమును నొక్కును. జొన్నరొట్టె, తోటకూర, జామపండు, మన నల్లగొండ బత్తాయి తొనలు పగటివేళ పెట్టినచో మేలు. పండుకొనుటకు ముందు రెండు మారులు ఒంటికి పంపవలెను. నడిరాత్రి లేపినచో పక్క పొడిగా నుండును గాని అలవాటు మారదు; లేపదలచినచో పూర్తిగా మేలుకొలిపి నడిపించి తీసికొనిపోవలెను. దారిలో చిన్న దీపము ఉంచవలెను. చీకటి భయముచే లేవని బిడ్డలు కలరు.

పరుపుపై రబ్బరు గుడ్డ పరచి, దానిపై పాత నూలుచీర నాలుగు మడతలుగా వేయవలెను. మరియొక జత బట్టలు తలాపున ఉంచినచో, నడిరాత్రి మాట పలుకకయే మార్చి మరల నిద్రపుచ్చవచ్చును. ఉదయము స్నానము చేయించియే బడికి పంపవలెను. తోడి పిల్లల ఎగతాళి తప్పును. పొడిగానున్న రాత్రికి బహుమానము ఇయ్యవద్దు; అది వాని చేతిలో లేదు. పండుకొనుటకు ముందు ఒంటికి పోయినందుకు, బట్టలు తీసి బకెట్టులో వేసినందుకు మెచ్చుకొనవలెను.

ఏడేండ్లు నిండియు మానకున్నచో వైద్యుని అడుగవలెను. 1904లో ఫౌండ్లరు అను శిశువైద్యుడు ఆసుపత్రిలో పక్క తడిసిన వెంటనే దాదులకు తెలియుటకై ఒక గంటను అమర్చెను. కొన్నాళ్లకు ఆ పిల్లలే పక్క తడుపుట మానిరి! నేటి చిన్న మోతయంత్రములకు అదియే మూలము. రెండు మూడు మాసములు ఓపికతో వాడినచో మువ్వురిలో ఇద్దరికి గుణమగును. రాత్రి మూత్రమును తగ్గించు మాత్రయు కలదు. అది వైద్యుని సలహాపైననే, ఆయన చెప్పినట్లు నీటిని తగ్గించియే వాడవలెను.

కొన్ని గుర్తులు కనబడినచో వయస్సు చూడక వెంటనే ఆసుపత్రికి పోవలెను: మితిమీరిన దప్పిక, బరువు తగ్గుట, జ్వరము, మూత్రములో మంట, పగలు కూడ తడుపుట, కాళ్ల బలహీనత, గట్టిగా గురక. ఆరు మాసములు మాని మరల మొదలిడినచో, చెల్లెలు పుట్టినదా, బడి మారినదా, ఎవరైనను భయపెట్టుచున్నారా అని ఒంటరిగా, మెల్లగా అడుగవలెను. ఆసుపత్రి దూరమైనవారు అంగన్‌వాడికిని, బడికిని వచ్చు బాల స్వాస్థ్య వైద్యబృందమును అడుగవచ్చును. ఆ కార్యక్రమము 2013లో మొదలైనది.

చివరకు, అయిదవ తరగతిలో గురుకులమునకు బిడ్డను పంపు తల్లులకు ఒక మాట. ఈ బాధ దాచి పంపినచో, పెట్టె క్రింద తడిబట్టలు దాచుకొని ఆ బిడ్డ ఏడ్చును. ముందుగా వార్డెనమ్మతో ఏకాంతమున చెప్పి, రబ్బరు గుడ్డయు, అదనపు దుప్పట్లును ఇచ్చి పంపవలెను.

తడిసిన బొంత ఒక్క ఎండకు ఆరును. కసురుకొనిన మాట అంత త్వరగా ఆరదు. పండుగకు పుట్టింటికి పోవుట మానుకొన్న సోదరి ఈ ఏడు రబ్బరు గుడ్డ సంచిలో పెట్టుకొని, బిడ్డ చేయి పట్టుకొని, నిర్భయముగా పోవలెనని మా కోరిక.