కడబంతి విస్తరి

కాలం చెల్లిన బ్రౌజర్లను వెబ్ పుటలు రూపొందించేవాళ్ళు ఎంతకాలం మోయాలి? "ఎవరు ఏ బ్రౌజరుతో వచ్చినా లోటు రాకూడదు" అంటుంది ఒక పక్షం. "పాతవాటిని పట్టుకు వేలాడితే కొత్తది ఎప్పటికీ రాదు, తలుపు మూసెయ్యండి" అంటుంది మరో పక్షం. ఈ రెండు పక్షాలూ "మద్దతు" అన్న ఒకే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నాయని నా అభిప్రాయం. ముందు ఆ అర్థాలను విడదీసి చూడాలి.

తలుపు మూయమనేవారి కోపం అకారణమైనది కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వెలువడింది 2001 ఆగస్టులో. తరువాతి సంచిక 2006 అక్టోబరు దాకా రానేలేదు. ఆ ఐదేళ్ళూ దాని వికారాలన్నీ మనమే భరించాం. పెట్టెకు ఎడమవైపు పది పిక్సెళ్ళ ఖాళీ వదలమంటే కొన్ని సందర్భాల్లో ఇరవై వదిలేది. పారదర్శకంగా ఉండవలసిన పీఎన్‌జీ బొమ్మ వెనక బూడిదరంగు పలక చూపేది. ప్రమాణాల ప్రకారం ఒకసారి రాసిన పుటను దీనికోసం మళ్ళీ చిట్కాలతో సరిదిద్దవలసి వచ్చేది. 2010 మార్చిలో యూట్యూబ్, గూగుల్ డాక్స్ దీన్ని వదిలేశాయి. 2011 మార్చిలో మైక్రోసాఫ్టే దీని వాడుకను ప్రపంచవ్యాప్తంగా ఒక్క శాతం కిందికి దించాలని ప్రచారం మొదలుపెట్టింది. కన్నతల్లే పొమ్మన్న బిడ్డను ఊరివాళ్ళు ఎంతకాలం సాకుతారు?

అయితే ఆ శ్రమంతా దేనికోసం? చాలావరకు రూపం కోసమే. గుండ్రటి మూలలూ, నీడలూ, నిలువు వరుసలూ అన్ని బ్రౌజర్లలోనూ అచ్చంగా ఒకేలా కనబడాలన్న పట్టుదల అది. మద్దతుకు ఇది మొదటి అర్థం. దీన్ని నిస్సంకోచంగా వదిలెయ్యవచ్చు. రెండో అర్థం వేరు. పుటలోని విషయాన్ని చదవగలగడం, లంకె నొక్కితే చేరవలసిన చోటికి చేరడం, దరఖాస్తు నింపి పంపగలగడం. దీన్ని వదలకూడదు.

ఈ తేడా తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. కంప్యూటర్ లోకంలో మనం చాలాకాలం కడబంతిలోనే కూర్చున్నాం. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనబడాలంటే చాలామంది సీడీ పెట్టి అదనపు ఫైళ్ళు ఎక్కించుకోవలసి వచ్చేది. 2008 జూన్‌లో మూడవ సంచిక వచ్చేదాకా ఫైర్‌ఫాక్స్‌లో, జస్టిఫై చేసిన తెలుగు పేరాలో గుణింతాలూ ఒత్తులూ అక్షరాల నుంచి విడిపోయేవి. అప్పుడు మనవాళ్ళు ఏం చేశారు? జస్టిఫై చేయడం మానేశారు. కుడి అంచును ఎగుడుదిగుడుగా ఉండనిచ్చి అక్షరాన్ని కాపాడుకున్నారు. పాత బ్రౌజరుకు చేయవలసిన మర్యాద కూడా అంతే.

దీనికి పూర్తిగా విరుద్ధమైన పని కొన్ని తెలుగు పత్రికలు చేశాయి. రోమను అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకారాలు తొడిగి, ఆ ఫాంటును ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో పంపాయి. ఆ ఒక్క బ్రౌజరులో పుట ముచ్చటగా ఉండేది, మిగతావాటిలో అర్థంలేని అక్షరాల కుప్ప. ఫైర్‌ఫాక్స్‌లో చదవాలంటే 'పద్మ' అనే పొడిగింత తగిలించుకోవలసి వచ్చేది. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్ 11కు కూడా మైక్రోసాఫ్టు స్వస్తి చెప్పింది. ఆ ఒక్క బ్రౌజరును నమ్మి అలా దాచిన వార్తలు ఇవాళ తాళంచెవి పోయిన పెట్టెలు. కేవలం క్రోములో చూసుకుని "బాగుంది" అనుకునేవాళ్ళు చేస్తున్నదీ అదే పని.

ఇక సాంకేతికమైన మాట. హెచ్‌టీఎంఎల్‌ది క్షమించే స్వభావం. తెలియని ట్యాగు ఎదురైతే బ్రౌజరు దాన్ని పక్కనపెట్టి లోపలి పాఠ్యాన్ని చూపిస్తుంది. సీఎస్ఎస్‌లో తెలియని నియమం ఉంటే ఆ ఒక్కదాన్నే దాటేస్తుంది. జావాస్క్రిప్టుకు ఆ దయ లేదు. 2020లో క్రోము 80తో వచ్చిన ప్రశ్నార్థకం-చుక్క గుర్తు ఎక్కడో ఒక్కచోట ఉన్నా, దాన్ని ఎరుగని బ్రౌజరు ఆ ఫైలు మొత్తాన్ని తిరస్కరిస్తుంది. పుటనంతటినీ స్క్రిప్టుతోనే కట్టి ఉంటే చదువరికి మిగిలేది తెల్లకాగితం. 2017లో మన పల్లెలకు చేరిన జియోఫోనులోని బ్రౌజరు ఇంజను 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48ది. పాఠ్యం ముందు, హంగులు తరువాత అన్న వరుస పాటిస్తే ఆ ఫోనుకూ అన్నం, పప్పు అందుతాయి.

ఈ వరుస కొత్త బ్రౌజర్లకూ మేలే. బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైటువారు 2013లో లెక్క చూస్తే స్క్రిప్టు అందనివారు 1.1 శాతం తేలారు. స్క్రిప్టును ఆపుకున్నవారూ, ఆ సౌకర్యమే లేనివారూ కలిసి 0.2 శాతమే. మిగతా 0.9 శాతం మందికి దాన్ని నడపగల బ్రౌజరు ఉండి కూడా అది చేరలేదు.

"తలుపు మూస్తేనే జనం కొత్తదానికి మారతారు" అన్న వాదం 2010లో కొంత నిజం. కొత్త బ్రౌజరు ఉచితం, ఉన్న కంప్యూటరులోనే ఎక్కేది. ఇవాళ పాతబడుతున్నది బ్రౌజరు కింద ఉన్న పరికరం. క్రోము 2023లో విండోస్ 7ను, 2025లో ఆండ్రాయిడ్ 8, 9లను వదిలేసింది. కాబట్టి "మీ బ్రౌజరును నవీకరించుకోండి" అన్న వాక్యానికి చాలామంది విషయంలో అసలు అర్థం "కొత్త ఫోను కొనుక్కోండి" అని. హాల్‌టికెట్టు కోసమో, ఉపకారవేతనం కోసమో వచ్చిన పిల్లవాడికి ఆ మాట చెప్పే అధికారం మనకెవరిచ్చారు?

ఒక మినహాయింపు మాత్రం ఒప్పుకుంటాను. డబ్బూ, రహస్యాలూ చేతులు మారే చోట కన్నాలున్న పాత తలుపును తెరిచి ఉంచడం ఔదార్యం కాదు. టీఎల్ఎస్ 1.0, 1.1 పద్ధతులను ప్రధాన బ్రౌజర్లు 2020లో విడిచిపెట్టడం సబబే. కానీ అక్కడ కూడా జాలిగలవాళ్ళు దారి వెతికారు. 2021 సెప్టెంబరు 30న ఒక మూల ధ్రువపత్రం గడువు తీరితే, ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్లలో అసంఖ్యాకమైన సైట్లు తెరుచుకోని ప్రమాదం వచ్చింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థవారు మరో సంతకం సంపాదించి ఆ ఫోన్లకు ఇంకో మూడేళ్ళ ఆయువు పోశారు. భద్రత పేరు చెప్పి వారు తేలికగా చేతులు దులుపుకోలేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. వెబ్‌లో వడ్డించేవాళ్ళం మనమే. పాత బ్రౌజరుకు పరమాన్నం అందకపోవచ్చు, విస్తరి మాత్రం వేయవలసిందే. ఎక్కడైనా తప్పక నిరాకరించవలసి వస్తే, ఎందుకో, మరో దారి ఏమిటో ఆ బ్రౌజరు చూపగలిగిన సాదా తెలుగులో రెండు వాక్యాలు రాసిపెట్టండి. ఆ పాటి పనికి అరగంట చాలదా? మీరేమంటారు?