టమోటా మడి, మల్బరీ తోట: సోడియం చానల్ చెప్పే పాఠం

మదనపల్లె, పుంగనూరు, చౌడేపల్లె ప్రాంతంలో టమోటా సాగు, పట్టు పరిశ్రమ రెండూ రైతు కుటుంబాలకు ఆధారం. పలుచోట్ల టమోటా మడికీ మల్బరీ తోటకూ మధ్య గట్టు మాత్రమే అడ్డు. గట్టుకు ఈవల కొట్టిన మందు, ఆవల పట్టుపురుగుకు మేతయ్యే ఆకు మీద పడటానికి కాస్త గాలి చాలు. నాలుగో జ్వరం లేచి, కొద్ది రోజుల్లో చంద్రికలెక్కవలసిన పురుగులు పసరు కక్కి, మెలికలు తిరిగి చనిపోతే ఆ పంట మొత్తం పోయినట్లే. దీనిని గాలివాటు ప్రమాదంగా కొట్టివేయడం విస్తరణ శాస్త్రానికి తగదు. ఈ నష్టానికి మూలం నాడీకణంలోని ఒక ప్రోటీన్‌లో ఉన్నది.

నాడీకణపు పొరలోని సోడియం చానల్ తలుపు వంటిది. అది సెకనులో వెయ్యో వంతు కాలం తెరుచుకొని, సోడియం అయాన్లను లోనికి వదిలి మూసుకొంటుంది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహాలోత్రిన్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు ఆ తలుపును మూసుకోనీయవు. ఇండాక్సాకార్బ్ దానిని తెరుచుకోనీయదు. మనిషిలో ఈ చానల్‌కు ప్రధానమైన ఆల్ఫా ఉపభాగాన్ని తయారుచేసే జన్యువులు 9, సహాయక బీటా ఉపభాగాల జన్యువులు 4. కీటకాలలో సాధారణంగా ప్రధాన ఉపభాగానికి ఉన్న జన్యువు ఒక్కటే. ఈ ఒక్క తేడాలో రెండు పాఠాలున్నాయి.

మొదటిది నిరోధక శక్తికి సంబంధించినది. జన్యువు ఒక్కటే కనుక దానిలో ఒక్క మార్పు వచ్చినా మందు పట్టు సడలుతుంది. డి.డి.టి.కి పడిపోని ఇంటి ఈగలను 1950 దశకం ఆరంభంలోనే గుర్తించారు. చానల్‌లో 1014వ స్థానంలోని ల్యూసిన్ ఫినైల్‌అలనిన్‌గా మారడమే అందుకు కారణమని 1996లో తేలింది. మన దేశంలో 2014లో మహారాష్ట్రలో బయటపడి, తరువాత దక్షిణాది టమోటాకు విస్తరించిన టూటా అబ్సల్యూటాలోనూ ఇదే మార్పును విదేశీ నమూనాలలో కనుగొన్నారు. ఇండాక్సాకార్బ్‌ను తట్టుకొనే మార్పులు ఇదే ప్రోటీన్‌లో మరోచోట కనిపించాయి. కాబట్టి సైపర్‌మెత్రిన్ మాని డెల్టామెత్రిన్ కొట్టడం మందు మార్చడం కాదు, డబ్బా మార్చడం మాత్రమే.

రెండవది పట్టుపురుగుకు సంబంధించినది. పైరుపురుగుకూ పట్టుపురుగుకూ ఉన్న తలుపు ఒకటే. పొలంలో పిచికారీకి గురైన పురుగులలో తట్టుకొన్నవే మిగిలి సంతతిని పెంచుతాయి. షెడ్డులో మందు సోకకుండా పెరిగే పట్టుపురుగుకు అటువంటి అవకాశం లేదు. మందు పనిచేయడం లేదని రైతు మోతాదు పెంచిన కొద్దీ చావవలసినది బతుకుతుంది, బతకవలసినది చస్తుంది.

మనిషి సంగతి వేరు. క్షీరదాల చానళ్లు పైరిథ్రాయిడ్లకు తక్కువగా లోబడతాయి. శరీరపు వేడిమి, మందును త్వరగా విడగొట్టే ఎంజైములు కూడా రక్షణనిస్తాయి. అయినా పిచికారీ చేసేవారి ముఖం మీద కలిగే మంట, చీమలు పాకినట్లుండే బాధ, చర్మంలోని నాడుల చివర ఉన్న ఈ చానళ్ల వల్లనే. ప్రమాదం తక్కువ అన్న మాటను చేతి తొడుగులు అక్కరలేదన్నంతగా సాగదీయకూడదు.

ఇక్కడ పరిశోధక విద్యార్థులు ఒక జాగ్రత్త పాటించాలి. బ్యాక్టీరియాలోనో పెంపక కణాలలోనో తయారుచేసిన మానవ సోడియం చానల్ ఉపభాగాల రీకాంబినెంట్ ప్రోటీన్లు నేడు ప్రయోగశాలలకు దొరుకుతున్నాయి. యాంటీబాడీల పరీక్షకు, ప్రామాణిక నమూనాలుగా అవి ఉపయోగపడతాయి. కాని సీసాలోని బీటా ఉపభాగం ఒంటరిగా అయాన్లను పంపలేదు. పొరను 24 సార్లు దాటే ఆల్ఫా ఉపభాగం పనితీరు తెలియాలంటే దానిని కప్ప అండకణంలోనో పెంపక కణంలోనో ఉంచి విద్యుత్ ప్రవాహాన్ని కొలవాలి. పైగా కీటకాలలోని సహాయక ప్రోటీన్ టిప్‌-ఇ మానవ బీటా ఉపభాగానికి బంధువు కాదు. మనిషి ప్రోటీన్ మందు కొట్టే మనిషి క్షేమం గురించి చెప్పగలదు గాని చౌడేపల్లె పొలంలోని పురుగు గురించి చెప్పలేదు. ఆ పురుగును అక్కడే సేకరించి, జీవపరీక్షతో పాటు దాని జన్యుభాగాన్ని చదవడమే సరైన దారి.

పైరిథ్రాయిడ్లు చౌక అనీ, ధర నిలకడ లేని టమోటాకు రైతు అంతకుమించి పెట్టలేడనీ వాదన ఉన్నది. అది తోసిపుచ్చదగినది కాదు. అయితే చంపని మందు ఎంత చౌకైనా ఖర్చే. అది పక్క పొలం పట్టుగూళ్లను కూడా హరిస్తే ఆ ఖర్చును మరొకరు భరిస్తున్నారన్నమాట.

అందువల్ల సిఫారసు పత్రాలలో మందు పేరు పక్కన అది పనిచేసే తీరును తెలిపే వర్గ సంఖ్య ఉండాలి. ఐ.ఆర్.ఎ.సి. వర్గీకరణలో పైరిథ్రాయిడ్లు 3ఎ, ఇండాక్సాకార్బ్ 22ఎ. లింగాకర్షక బుట్టలు, పురుగు తొలిచిన ఆకుల ఏరివేత మందుకన్నా ముందు వరుసలో నిలవాలి. పురుగు ఏదని అడిగే విస్తరణ శాస్త్రవేత్త, గట్టు ఆవల ఏ పైరు ఉన్నదని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబు మల్బరీ అయితే, పైరిథ్రాయిడ్ పేరు చీటీ మీదికి రాకూడదు.